చింకిపాతల చదువు

మా వీధిలోకి నెలకోసారి పాతబట్టలకు స్టీలు గిన్నెలిచ్చే అతను వస్తాడు. ఆ కేక వినబడితే చాలు, మా ఆవిడ చేస్తున్న పని ఎక్కడిదక్కడ వదిలేసి మూట పట్టుకుని గుమ్మంలోకి వెళుతుంది. నా చొక్కాల ఆయుర్దాయం నిర్ణయించేది నేను కాదు. ఆ గిన్నెలతనూ, మా ఆవిడానూ. పోయిన ఆదివారం బేరం పాకాన పడింది. నాలుగు చొక్కాలకూ, రెండు పాంట్లకూ, ఇంకా ఏవో చిల్లర బట్టలకూ ఒక చారుగిన్నె, దాని మీదికి మూత. సరిగ్గా ఆ సమయానికి మా అమ్మ వచ్చి మూటలో చెయ్యి పెట్టి, అడుగునుంచి ఒక పాత అంచుపంచె బయటికి లాగింది.

"ఇది మీ మామగారిదే అమ్మాయ్! ఇందులో ఎందుకు వేశావు?"

"చిరుగులు పట్టింది కదా అత్తయ్యా! ఎనిమిదేళ్లుగా బీరువాలో వూరికే పడివుంది."

"పడివుంటే వుండనీ. అదేమన్నా తిండి పెట్టమంటోందా?"

గిన్నెలతను గడుసువాడు. "పంచె లేకపోతే మూత రాదమ్మా" అన్నాడు. మూత రాలేదు. చారుగిన్నె మాత్రం వచ్చింది. మధ్యలో మాట కలిపితే ఇద్దరికీ చెడతానని తెలుసు కనక, నేను పేపరులో తలదూర్చి కూర్చున్నాను.

పదో తరగతి చదివే మా అమ్మాయి మాత్రం వూరుకోలేదు. "ఈ చిరుగుపాతలు తీసుకెళ్లి ఏం చేస్తారు నాన్నా?" అంది.

"బాగున్నవి సరిచేసి అమ్ముతారు. చినిగినవి యంత్రాలు తుడుచుకోవడానికి పోతాయి. ఒకప్పుడైతే వీటితో కాగితం చేసేవాళ్లు."

"బట్టలతో కాగితమా? చెట్లతో కదా చేసేది!" అని నవ్వింది. తెలుగు మాస్టారు సైన్సులోకి వస్తే ఇంతే కదా అన్నట్టుంది ఆ నవ్వు.

నాకు కాస్త రోషం వచ్చింది. పుస్తకాల పిచ్చి ముదిరినవాడికి ఆ పుస్తకాలెలా పుట్టాయో తెలుసుకోవాలనే పిచ్చి కూడా ఎప్పుడో ఒకప్పుడు పట్టుకుంటుంది. ఆ సాయంత్రం దానికి చెప్పిన కథే ఇప్పుడు మీకూ చెబుతున్నాను. ఇది అమెరికా కథ. ఒక అచ్చాఫీసువాడిదీ, అతనికి కాగితం చేసి ఇచ్చిన ఒక కుటుంబానిదీ.

అమెరికా అప్పటికి స్వతంత్ర దేశం కాదు. తూర్పు తీరం వెంబడి ఇంగ్లండు వలసలు. అక్కడ మొదటి అచ్చుయంత్రం మసాచుసెట్స్‌లోని కేంబ్రిడ్జిలో 1639 నాటికి పని మొదలుపెట్టింది. మరుసటి సంవత్సరం కీర్తనల పుస్తకం ఒకటి వేసింది. యంత్రం వచ్చింది, అక్షరాలు వచ్చాయి, అచ్చు వేసేవాడు వచ్చాడు. కాగితం మాత్రం సముద్రం మీద రావాలి. ఇంగ్లండే ఆ రోజుల్లో మంచి కాగితం చాలామటుకు ఫ్రాన్సునుంచీ హాలెండునుంచీ తెప్పించుకునేది. అరువు తెచ్చుకున్న ఇంట్లో అరువడిగినట్టన్నమాట! ఓడ ఆలస్యమైతే అచ్చాఫీసులో పని వుండేది కాదు. ఇలా యాభై ఏళ్లు గడిచాయి.

1685లో విలియం బ్రాడ్‌ఫర్డ్ అనే యువకుడు ఫిలడెల్ఫియాలో అచ్చాఫీసు పెట్టాడు. అతను మొదట వేసింది ఏమిటనుకున్నారు? పంచాంగం! ఏ దేశంలోనైనా జనం తప్పకుండా కొనే పుస్తకం అదే కాబోలు. పాపం, ఆ పంచాంగంతోనే అతనికి చిక్కు వచ్చింది. ఆ వలస స్థాపించిన విలియం పెన్‌ను అందులో "ప్రభువు" అని పేర్కొన్నారు. క్వేకర్లు అటువంటి బిరుదులు ఒప్పుకోరు. ఆ మాట కనబడకుండా సిరా పూసెయ్యమని పాలకసభవారు హుకుం జారీ చేశారు. కొత్త వూళ్లో తొలి బోణీ అలా జరిగింది.

మూడేళ్ల తరవాత, 1688 ప్రాంతంలో, విలియం రిటెన్‌హౌస్ అక్కడికి వచ్చాడు. 1644లో జర్మనీలో పుట్టి, హాలెండులో కాగితం పని నేర్చినవాడు. వయసు నలభై దాటింది. ఆ వయసులో భార్యాబిడ్డలతో సముద్రం దాటి, భాష రాని దేశంలో కొత్త జీవితం మొదలుపెట్టడమంటే మాటలు కాదు. నా వయసూ అంతే కనక చెబుతున్నాను. నాకు పక్క జిల్లాకు బదిలీ అంటేనే రాత్రి నిద్ర పట్టదు.

కాగితం కావలసినవాడూ, కాగితం చెయ్యగలవాడూ ఒకే వూళ్లో తారసపడ్డారు. 1690లో వాళ్లిద్దరూ, శామ్యూల్ కార్పెంటర్, రాబర్ట్ టర్నర్, థామస్ ట్రెస్ అనే మరో ముగ్గురూ కలిసి భాగస్వాములయ్యారు. ఫిలడెల్ఫియాకు కొద్ది మైళ్ల దూరంలో జర్మన్‌టౌన్ అనే పల్లె వుంది. దాని పక్కనే, విస్సాహికన్ అనే ఏటిలో కలిసే చిన్న వాగు ఒడ్డున, కార్పెంటర్ ఇచ్చిన 20 ఎకరాల నేలలో మిల్లు కట్టారు. ఇంగ్లీషు వలసలన్నిటిలోనూ అదే మొదటి కాగితం మిల్లు.

మిల్లు అనగానే పొగగొట్టాలూ, సైరన్లూ వూహించుకోకండి. నీటిచక్రం, దానికి తగిలించిన రోకళ్లు, ఒక పెద్ద తొట్టి, ఒక మర, పైన గాలి ఆడే అటక. అంతే. పనివాళ్లు తండ్రీ కొడుకులూ, దగ్గరివాళ్లూను.

ముందు గుడ్డలు రావాలి. అక్కడివాళ్లు ఎక్కువగా కట్టింది అవిసెనారతో నేసిన బట్ట. చొక్కాలు, దుప్పట్లు చినిగి పీలికలయ్యాక మిల్లుకు చేరేవి. బొత్తాలు కోసి, కుట్లు విప్పి, తెల్లవి ఒక కుప్ప, రంగువీ ముతకవీ మరో కుప్ప వేరేవాళ్లు. తడిపి వారాల తరబడి నాననిచ్చేవాళ్లు. నానిన గుడ్డ నీటిచక్రం తిప్పే రోకళ్ల కింద నలిగి నలిగి, దోసెల పిండిలాగా గుజ్జవుతుంది. ఆ గుజ్జు నీళ్లతో కలిపి తొట్టిలో పోస్తారు.

ఇక అసలు నేర్పు. సన్నని తీగెలు బిగించిన చెక్కచట్రాన్ని ఒకడు తొట్టిలో ముంచి పైకెత్తి, అటూ ఇటూ ఒక్క కుదుపు కుదుపుతాడు. నీళ్లు తీగెల సందుల్లోంచి జారిపోతాయి, పోగులు ఒకదానితో ఒకటి అల్లుకుని పలచని పొరగా నిలుస్తాయి. ఆ కుదుపు సరిగా లేకపోతే కాగితం ఒకచోట మందం, ఒకచోట పలచన. రెండోవాడు ఆ తడిపొరను కంబళిముక్క మీదికి బోర్లిస్తాడు. అలా దొంతరగా పేర్చి మరలో బిగించి నీరు పిండి, ఒక్కొక్కటీ తీసి అటకమీద తాళ్లకు ఆరవేస్తారు. రాసే సిరా పీల్చుకోకుండా వుండాలంటే జంతువుల చర్మం ఉడికించి తీసిన జిగురులో ముంచి మళ్లీ ఆరబెట్టాలి. మనం పంచెకు గంజి పెట్టినట్టే. ఇలా 24 తావులైతే దస్తా, 20 దస్తాలైతే రీము. ఒక్కో రీముకు 480 సార్లు ఆ చట్రం తొట్టిలో మునిగి లేవాలి.

"ఒక్కొక్క కాగితం చేత్తోనేనా?" అంది మా అమ్మాయి. అవునన్నాను. పక్కన తను చింపి పారేసిన రఫ్ నోటుబుక్కు కాగితాల వైపు ఒకసారి చూసింది. నేనేమీ అనలేదు. తండ్రులు అప్పుడప్పుడూ మాట్లాడకుండా వుండటం మంచిది.

మిల్లు పెట్టిన రెండేళ్లకు, 1692లో, రిచర్డ్ ఫ్రేమ్ అనే ఆయన ఆ వలసను వర్ణిస్తూ పద్యాలు రాస్తే బ్రాడ్‌ఫర్డే అచ్చు వేశాడు. అవిసె మొక్క నూలై, నూలు బట్టయి, బట్ట చినిగి కాగితమయ్యే వైనమంతా అందులో వుంది. కొత్త దేశంలో కవికి మొదట వింతగా తోచినవాటిలో కాగితం మిల్లు ఒకటి కావడం, తెలుగు మాస్టారునైన నాకు ముచ్చటగా వుంది.

కాని ఆ సంవత్సరమే అచ్చాఫీసు మీద పిడుగు పడింది. క్వేకర్లలో మతవిషయమై తగాదా పుట్టింది. పెద్దలను ధిక్కరించిన జార్జి కీత్ రచనలను బ్రాడ్‌ఫర్డ్ అచ్చు వేశాడు. అధికారులు అతన్ని జైల్లో పెట్టి, అచ్చు సామాను పట్టుకుపోయారు. విచారణలో బ్రాడ్‌ఫర్డ్ ధైర్యంగా వాదించాడు. అచ్చు వేసింది ఫలానావాడా కాదా అని తేల్చి జ్యూరీ వూరుకోకూడదు, రాసింది నేరమా కాదా అన్నదీ తనే తేల్చాలి అన్నాడు. అక్కడ జరిగిందని ఒక కథ కూడా చెబుతారు. సాక్ష్యంగా తెచ్చిన అక్షరాల ఫారాన్ని జ్యూరీలో ఒకాయన బాగా చూద్దామని చేతికర్రతో కదిపాడట. సీసపు అక్షరాలన్నీ జలజలా రాలిపోయాయి. సాక్ష్యం నేలపాలయింది! కథ సంగతెలా వున్నా, జ్యూరీ మాత్రం ఒక తీర్పుకు రాలేకపోయింది. 1693లో బ్రాడ్‌ఫర్డ్ న్యూయార్కు వెళ్లి, అక్కడ ప్రభుత్వ ముద్రాపకుడయ్యాడు.

మరి మిల్లు? ప్రధాన ఖాతాదారు వూరు వదిలిపోతే చిన్న వ్యాపారం ఏమవుతుందో మనకు తెలియనిది కాదు. రిటెన్‌హౌస్ చట్రం కింద పెట్టలేదు. 1697లో బ్రాడ్‌ఫర్డ్ తన నాలుగోవంతు వాటాను విలియంకూ, కొడుకు నికొలస్‌కూ పదేళ్లకు కౌలుకిచ్చాడు. ఆ కౌలు డబ్బు కాదు సుమా! మన రైతులు ధాన్యం కొలిచినట్టు వాళ్లు కాగితం కొలవాలి. ఏడాదికి అచ్చుకాగితం 7 రీములు, మంచి రాతకాగితం 2 రీములు, నీలికాగితం 2 రీములు. పైగా మిల్లులో తయారయ్యే అచ్చుకాగితమంతా మొదట అతనికే చూపాలి, రీము 10 షిల్లింగులకు. ఏడు రీములంటే 3,360 తావులు. ఒక్కొక్క తావు మడిస్తే ఎనిమిది పుటలనుకుంటే, పదహారు పుటల చిన్న పుస్తకం 1,680 ప్రతులొస్తుంది. ఒక అచ్చాఫీసువాడి గుండె నిబ్బరం అంతా ఆ కాసిన్ని రీముల్లో వుందన్నమాట. పక్కవాడికి కాగితం దొరక్కుండా చేసుకున్న ఏర్పాటు కూడా అదే. వ్యాపారం వ్యాపారమే.

1700-01 శీతకాలంలో వాగు పొంగింది. మిల్లు కొట్టుకుపోయింది. చట్రాలు, సరుకు, సామాను, అన్నీ పోయాయి. రిటెన్‌హౌస్‌కు అప్పటికి యాభయ్యారేళ్లు దాటాయి. ఈ ముసలాయనకు చెయ్యందించండని విలియం పెన్ స్వయంగా చీటీ రాసిచ్చాడు. ఏ పెద్దమనిషి పేరు ముందు బిరుదును సిరాపూసి చెరిపించారో, ఆయనే ఇప్పుడు కాగితం చేసేవాడి కోసం కలం పట్టాడు. 1702లో రాతిమిల్లు లేచింది. ఆ తరవాత బ్రాడ్‌ఫర్డ్ వాటా కూడా రిటెన్‌హౌస్ కొనేశాడు. నేల మాత్రం 975 ఏళ్ల కౌలుకు దొరికింది. వరదలో సర్వం పోగొట్టుకున్నవాడు 975 ఏళ్లకు కాగితం రాయించుకున్నాడంటే, ఆ గుండె ఎంతటిదో చూడండి! 1708లో ఆయన చనిపోయాడు.

మిల్లు నికొలస్ చేతికొచ్చింది. నికొలస్ బావమరిది విలియం డ్యూవీస్ ఇక్కడే పని నేర్చి 1710లో సొంతంగా రెండో మిల్లు పెట్టాడు. బావ దగ్గర నేర్చుకుని బావకు పోటీ వచ్చాడని మా ఆవిడ వ్యాఖ్యానం. ఆ మాట ఎవరినుద్దేశించి అన్నదో మా బంధువర్గానికి తెలుసు. 1719లో బ్రాడ్‌ఫర్డ్ కొడుకు ఆండ్రూ ఫిలడెల్ఫియాలో వారపత్రిక మొదలుపెట్టినా, 1725లో తండ్రి న్యూయార్కులో పత్రిక పెట్టినా, ఈ వాగు ఒడ్డు కాగితం వాళ్లకు ఆసరా అయింది. విలియం మునిమనవడు డేవిడ్ 1732లో ఆ మిల్లు దగ్గరే పుట్టాడు. అతను పెద్ద ఖగోళశాస్త్రజ్ఞుడై, 1792లో స్వతంత్ర అమెరికా టంకశాలకు మొదటి అధికారి అయ్యాడు. మిల్లు మాత్రం కుటుంబంలో తరం తరవాత తరం నడిచింది.

గుడ్డలకే ఎప్పుడూ కరువు. బెంజమిన్ ఫ్రాంక్లిన్ పేరు వినని చదువరి వుండడు. ఆయన భార్య డెబొరా కొట్లో కూర్చుని కాగితం మిల్లులకోసం పాతగుడ్డలు కొనేదని ఆయనే తన చరిత్రలో రాసుకున్నాడు. 1801లో మసాచుసెట్స్‌లో మిల్లు పెట్టిన జీనస్ క్రేన్, అమ్మలారా, చింకిపాతలు పారెయ్యకండి, దాచిపెట్టండి అని పేపర్లో ప్రకటనే వేయించాడు. 1879 నుంచి అమెరికా నోట్లకు కాగితం అందిస్తున్నది ఆయన మొదలుపెట్టిన సంస్థే. ఇవాళ్టికీ డాలరు నోటులో వున్నది నూటికి 75 పాళ్లు పత్తి, 25 పాళ్లు అవిసెనార. "అయితే డాలరు కూడా చింకిగుడ్డేనా?" అని మా అమ్మ తేల్చేసింది. అమెరికాలో వున్న మా పినతల్లి కొడుకు ఈ మాట వినకుండా వుంటే బాగుండును.

అయితే చదివేవాళ్లు పెరిగినంత జోరుగా చొక్కాలు చినగవు కదా! 1844లో కెల్లర్ అనే జర్మను పనివాడు కర్రను నూరి గుజ్జు చేసే ఉపాయం కనిపెట్టాడు. యంత్రాలు వచ్చాయి. కాగితం చవక అయింది, పత్రికలూ బడిపుస్తకాలూ ఇంటింటికీ చేరాయి. నా బోటివాడు చదువుకోగలిగాడంటే ఆ చవకతనం పుణ్యమే, దాన్ని తిట్టను. కాని చేత్తో ఎత్తే చట్రాలు వాటితో ఎక్కడ పోటీపడతాయి? పందొమ్మిదో శతాబ్దం మధ్యకాలానికి రిటెన్‌హౌస్‌ల కాగితం పని ముగిసింది. మిల్లు పోయింది గాని, ఆ చిన్న పల్లెలోని కొన్ని ఇళ్లు ఇంకా వున్నాయి. 1992లో దాన్ని జాతీయ చారిత్రక స్థలంగా ప్రకటించారు.

చవక కాగితానికి ఒక రోగం వుంది. కర్రలో వుండే కొన్ని పదార్థాలూ, సిరా పాకకుండా పటికతో పెట్టే పూతా కలిసి లోపల ఆమ్లం పుట్టిస్తాయి. కాగితం పసుపెక్కి, ఎరుపెక్కి, చివరికి అప్పడంలా విరిగిపోతుంది. గుడ్డకాగితంలో ఆ జబ్బు లేదు. మూడు వందల ఏళ్లనాటి రిటెన్‌హౌస్ తావులు అమెరికా గ్రంథాలయాల్లో ఇంకా గట్టిగా వున్నాయి. వెలుతురుకు ఎత్తిపట్టుకుంటే, తీగెతో అల్లిన గుర్తులు పోగుల మధ్య తెల్లగా కనబడతాయి: విలియందైతే డబ్ల్యు, ఆర్, నికొలస్‌దైతే కె, ఆర్, ఎందుకంటే అతని ఇంటిపిలుపు క్లాస్. బ్రాడ్‌ఫర్డ్ పేరు ముఖపత్రం మీద సిరాలో వుంది. కాగితం చేసినవాడి పేరు కావాలంటే వెలుతురులో వెతకాలి. చొక్కా నేసిన, కట్టిన, ఉతికిన, దాచి ఇచ్చిన ఆడవాళ్ల పేర్లు అలా వెతికినా దొరకవు.

కథ అయ్యేసరికి చీకటి పడింది. మా అమ్మ లోపలికి వెళ్లి నాన్నగారి పెట్టెలోంచి ఒక పుస్తకం తెచ్చి నా చేతిలో పెట్టింది. ఆయన బడిపంతులుగా వున్నన్నాళ్లూ పాఠం చెప్పిన పద్యకావ్యం. ప్రతి పుటలోనూ అంచుల వెంబడి పెన్సిలుతో ఆయన రాసుకున్న అర్థాలు. తెరిచాను. మూల విరిగి నా ఒళ్లో పడింది. ఆ ముక్క మీద "ఇక్కడ పిల్లలు నవ్వుతారు" అన్న మాటలో సగం వుంది.

నేను ఎం. ఏ. తెలుగు చదివినవాణ్ణి. వూరంతా తిరిగి పాతపుస్తకాలు కాపాడాలని ఉపన్యాసాలిస్తాను. ఎనిమిదేళ్లలో ఈ పెట్టె ఒక్కసారి తెరవలేదు. మా కళాశాల గ్రంథాలయంలోనూ ఇలాంటి పుస్తకాలు బీరువాలకొద్దీ వున్నాయి. ఎవరూ తీయరు గనకనే ఇంకా నిలబడి వున్నాయి.

మర్నాటి నుంచి రోజూ రాత్రి భోజనాలయ్యాక మా అమ్మాయి ఫోనుతో ఆ పుటలు ఒక్కొక్కటీ ఫొటో తీస్తోంది. పుట తిప్పే పని నాది. చెయ్యి వణక్కుండా తిప్పాలి. పెన్సిలు మాటలు మా ఆవిడ నోటుబుక్కులో ఎత్తి రాస్తోంది, ఆమె దస్తూరీ నాకన్నా బాగుంటుంది. రాత్రికి పది పుటలకు మించి సాగడం లేదు. ఇప్పటికి నలభై అయ్యాయి, ఇంకా నూటయాభై వున్నాయి. విరిగిన ముక్కలన్నీ ఒక కవరులో వేసి పుట సంఖ్య రాసి పెడుతున్నాం.

మీ ఇంట్లోనూ అటకమీద ఒక పెట్టె వుండే వుంటుంది. సెలవులు రానివ్వమని వాయిదా వెయ్యకండి. ఆ కాగితానికి సెలవులు తెలియవు.

పని అయ్యాక పుస్తకాన్ని మళ్లీ పెట్టెలో పెట్టబోతే మా అమ్మ ఆపింది. పాతరోజుల్లో తాళపత్రాలకు గుడ్డ చుట్టేవాళ్లు కదా అంటూ, ఆ అంచుపంచెలో చిరగని భాగం చూసి చింపి, పుస్తకం చుట్టూ మడిచి ముడివేసింది. మా ఆవిడ పక్కనే నిలబడి చూసింది.

"మూత లేకపోతే పోనీలెండి అత్తయ్యా" అంది. "చారుగిన్నె మీద పళ్లెం బోర్లిస్తాను."